ముప్పది ప్రశ్నల కొలబద్ద

కాన్సరు చికిత్స ఫలించినదా, లేదా అను ప్రశ్నకు వైద్యశాస్త్రము చాలకాలము రెండు విధములుగనే సమాధానము చెప్పుచు వచ్చినది. గడ్డ ఎంత తగ్గినది అనునది ఒకటి. రోగి ఎన్ని నెలలు జీవించెను అనునది రెండవది. ఈ రెండును తేలికగ కొలువదగినవి. గడ్డను సెంటీమీటర్లలో కొలువవచ్చును. ఆయువును కాలెండరు చూచి లెక్కింపవచ్చును. కాని ఆ నెలలలో రోగి అన్నము తినగలిగెనా, రాత్రి నిద్ర పట్టెనా, నలుగురిలో కూర్చుండి మాటలాడెనా, పనికి పోగలిగెనా అను సంగతులు ఆ లెక్కలో చేరవు.

చికిత్స జరుగుచున్న కాలమునందును, ఆ తరువాతను రోగి గడుపు ఈ బ్రతుకునే శాస్త్రజ్ఞులు "జీవన నాణ్యత" అని వ్యవహరించుచున్నారు. దానిని కొలుచుటకు ప్రపంచమున మిక్కిలి విరివిగా వాడబడుచున్న సాధనములలో ఒకటి ముప్పది ప్రశ్నల పట్టిక. ఈ కొలబద్ద గొప్పదనము ఎట్టిది? బసంత్‌నగర్ వంటి ఊరికి తెచ్చినప్పుడు అది ఎక్కడ తప్పును? ఆ తప్పును దిద్దుటకు కావలసిన పరిశోధనకు ధనము ఎందుకు చాలుట లేదు? ఈ మూడు ప్రశ్నలును ఒకదానితో నొకటి ముడిపడియున్నవి.

డాక్టరు వేసిన మార్కులు

రోగి స్థితిని అంకెలలో చెప్పవలెనను ప్రయత్నము క్రొత్తది కాదు. 1948లో అమెరికాలో డేవిడ్ కార్నోఫ్‌స్కీ అను వైద్యుడు తన సహచరులతో కలిసి ఒక కొలతను ప్రకటించెను. ఏ బాధయు లేక తన పనులు తాను చేసికొనువానికి 100 మార్కులు, మరణించినవానికి సున్న. నడుమ పదేసి మార్కుల మెట్లు. ఇది నేటికిని వాడుకలో నున్నది. కాని ఇందులో మార్కులు వేయువాడు డాక్టరు, రోగి కాడు.

అదే 1948లో బోస్టనులో సిడ్నీ ఫార్బరు లుకీమియా సోకిన పిల్లలకు అమినోప్టెరిన్ అను ఔషధమిచ్చి, వ్యాధి తాత్కాలికముగ శమించినదని ప్రకటించెను. ఆ ఔషధమును అందించినది లెడర్లీ ప్రయోగశాల. అక్కడి పరిశోధనకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేటు నేటికిని కాన్సరు చికిత్సలో నిలిచియున్నది. అనగా మందు పుట్టిన దినములలోనే ఆ మందు తినువాని బ్రతుకును కొలువవలెనను తలంపు కూడ పుట్టినది. కాని మందులపై పరిశోధన మహావృక్షమైనది. కొలతపై పరిశోధన మొక్కగనే యుండిపోయినది.

రోగినే అడుగు పట్టిక

1993లో ఈ లోటు కొంత తీరినది. ఐరోపా కాన్సరు పరిశోధన చికిత్సా సంస్థకు చెందిన నీల్ ఆరన్‌సన్ మొదలగువారు క్యు.ఎల్.క్యు.–సి 30 అను ప్రశ్నపట్టికను ప్రకటించిరి. ఇందులో ప్రశ్నలు ముప్పది. సమాధానము చెప్పువాడు రోగియే. ఇరువదియెనిమిది ప్రశ్నలకు "లేనే లేదు, కొంచెము, చాల, మిక్కిలి ఎక్కువ" అను నాలుగు మెట్లు గలవు. వీనికి వరుసగ 1 నుండి 4 వరకు అంకెలు. మొత్తముమీద ఆరోగ్యము ఎట్లున్నది, జీవితము ఎట్లున్నది అను చివరి రెండు ప్రశ్నలకు మాత్రము ఏడు మెట్లు.

ఈ సమాధానములు 0 నుండి 100 వరకు గల మానములోనికి మార్చబడును. శరీరశక్తిని గూర్చిన మొదటి అయిదు ప్రశ్నలకు ఒక రోగి 2, 3, 2, 1, 2 అని సమాధానమిచ్చెననుకొందము. మొత్తము 10, సగటు 2. ఈ సగటునుండి 1 తీసివేసి, 3చే భాగించి, వచ్చిన దానిని 1 నుండి తీసివేసి, 100చే గుణింపవలెను. వచ్చునది 66.7. శరీరశక్తి ఎక్కువైనకొలది ఈ అంక పెరుగును. నొప్పి, వాంతి, అలసట వంటి బాధలకు చివరి తీసివేత యుండదు. కనుక అక్కడ పెద్ద అంక పెద్ద బాధను తెలుపును. సాధారణముగ 10 మార్కులు మారినచో ఆ మార్పు రోగికి తెలియునంతటిదని పరిశోధకులు భావింతురు.

ఈ పద్ధతి మెచ్చదగినది. రోగి మూలుగును ఇది సాక్ష్యముగ మార్చినది. "కొంచెము నీరసముగ నున్నది" అను మాట డాక్టరు చెవిన పడి పోవును. 80 నుండి 45కు పడిన అంక కాగితముపై నిలుచును. ఇట్టి కొలతలు లేనిచో చికిత్సలో కొన్ని గొప్ప మార్పులకు ఆధారమే యుండెడిది కాదు. నోటికి, గొంతునకు రేడియో కిరణముల చికిత్స చేసినప్పుడు లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరు ఎండిపోవును. కిరణముల తీవ్రతను చోటునుబట్టి మార్చి గ్రంథులను కాపాడు పద్ధతిని ఇంగ్లండులో 94 మంది రోగులపై పరీక్షించిరి. 2011లో ప్రకటించిన ఫలితముల ప్రకారము ఒక సంవత్సరము గడచిన పిమ్మట, పాత పద్ధతిలో 74 శాతమునకు నోరు గట్టిగ ఎండిపోయియుండగా, క్రొత్త పద్ధతిలో అది 38 శాతమునకు తగ్గినది. "బ్రతికిరా?" అను ప్రశ్న ఒక్కటే అడిగియున్నచో ఈ భేదము కంటబడెడిది కాదు.

బసంత్‌నగర్‌లో అదే పట్టిక

ఇక ఈ కొలబద్దను పెద్దపల్లి జిల్లాలోని బసంత్‌నగర్‌కు తెచ్చి చూడవలెను. 1969లో వెలసిన సిమెంటు కర్మాగారము చుట్టును పెరిగిన ఊరు ఇది. ప్రక్కనే రామగుండము విద్యుత్కేంద్రము, గోదావరిఖని బొగ్గుగనులు. ఇక్కడివారు షిఫ్టులనుబట్టి తినుదురు, నిద్రింతురు. ఉత్తర తెలంగాణ పల్లెలలో బీడీలు చుట్టి కుటుంబమును పోషించు స్త్రీలు వేలకొలది గలరు. ప్రభుత్వ రంగమున ప్రధానమైన కాన్సరు ఆసుపత్రి 1955లో హైదరాబాదులో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ సంస్థ. బసంత్‌నగర్ నుండి అది రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరము.

పట్టికకు తెలుగు అనువాదము కలదు. కాని అనువాదముండుట వేరు. ప్రశ్న మనస్సునకు తగులుట వేరు. పట్టికలోని మొదటి ప్రశ్న శ్రమతో కూడిన పనిని గూర్చినది. బజారు సామానుల బరువైన సంచినో, ప్రయాణపు పెట్టెనో మోయుటను అది ఉదాహరణముగ చూపును. ఐరోపా నగరవాసికి అది శ్రమయే. భూగర్భములో బొగ్గు పని చేసినవానికి సంచి మోయుట శ్రమ కానే కాదు. చికిత్స తరువాత అతడు సంచిని మోయగలడు. కనుక "లేనే లేదు" అని చెప్పి మంచి మార్కు పొందును. కాని గనిలో దిగి ఎనిమిది గంటల షిఫ్టు చేయలేడు. పట్టిక లెక్కలో అతడు బాగున్నాడు; జీతము లెక్కలో బాగులేడు. నిండిన బిందెతో మెట్లెక్కలేని స్త్రీ విషయమును ఇట్టిదే.

భాష చిక్కు ఇంకను లోతైనది. పట్టికలో మనస్సును గూర్చి నాలుగు ప్రశ్నలు గలవు: బిగువు, ఆందోళన, చిరాకు, కృంగుదల. ఇంగ్లీషులో ఇవి నాలుగు వేర్వేరు మాటలు. ఈ ప్రాంతములో మనస్సులోని బాధకు జనులు వాడు మాటలు "రంది", "బుగులు". రందిలో ఆందోళనయు గలదు, దుఃఖమును గలదు, రేపటి చింతయు గలదు. నాలుగు ప్రశ్నలకును అతడు రందినే తలచుకొని ఒకే సమాధానము చెప్పినచో, నాలుగు కొలతలు కొలిచినట్లు పరిశోధకుడు వ్రాసికొనును. నిజమునకు కొలిచినది ఒక్కటే. అసలు "నాణ్యత" అను మాటయే వడ్లకును, బట్టకును వాడుకలో నున్నది. ఇచ్చటి మనిషి తోటివానిని అడుగునది "పానం ఎట్లున్నది?" అని. ఆ ఒక్క మాటలో శరీరము, మనస్సు రెండును ఇమిడియున్నవి.

తలకు, మెడకు సంబంధించిన కాన్సరులకు వేరుగ ఒక అనుబంధ పట్టిక కలదు. ద్రవములు మ్రింగగలరా, మెత్తని ఆహారము మ్రింగగలరా, గట్టి ఆహారము మ్రింగగలరా, ఇతరుల ముందు తినగలరా అని అది అడుగును. ప్రశ్నలన్నియు మంచివే. కాని కారమును గూర్చి అడుగదు. నోటి చికిత్స పొందిన తెలుగువాడు మొట్టమొదట పోగొట్టుకొనునది కారము. తొక్కు నాలుకకు తగిలినచో నిప్పు తగిలినట్లుండును. ఇంటివారందరును తిను కూర అతడు తినలేడు; అతనికై వేరుగ వండవలెను. పెండ్లి విందునకు పోవుట మానును. ఇది రుచిని గూర్చిన ముచ్చట కాదు. బరువు తగ్గుటకును, ఒంటరితనమునకును ఇదియే మొదలు.

కాలమును గూర్చిన దోషము మరియొకటి. మొదటి కొన్ని ప్రశ్నలు తప్ప తక్కినవి "గడచిన వారము"ను గూర్చియే అడుగును. మందును మూడు వారములకొకసారి ఎక్కించినప్పుడు మొదటి వారము వాంతులతో, నీరసముతో గడచును. మూడవ వారమునకు రోగి కోలుకొనును. ఆసుపత్రికి వచ్చునది ఆ మూడవ వారము చివరనే. అప్పుడు పట్టిక నింపినచో చెడువారము కంటబడదు.

అన్నింటికంటె పెద్ద దోషము రానివారిది. నూరుమంది రోగులలో అరువదిమంది 70 మార్కుల స్థితిలోను, నలువదిమంది 30 మార్కుల స్థితిలోను ఉన్నారనుకొందము. నిజమైన సగటు 54. కాని బాధ ఎక్కువగనున్న ఆ నలువదిమంది ప్రయాణము చేయలేక ఆసుపత్రికి రాకపోయినచో, వచ్చినవారి సగటు 70. చికిత్స బాగున్నదని నివేదిక వెలువడును. దూరము పెరిగినకొలది ఈ మోసము పెరుగును. హైదరాబాదునకు రెండు గంటల దూరములో నున్నవారికంటె బసంత్‌నగర్ వారి విషయములో అంకెలు ఎక్కువగ అబద్ధమాడును.

పైకమును గూర్చి పట్టికలో నున్నది ఒకే ఒక ప్రశ్న; వ్యాధివలన ఆర్థికమైన ఇబ్బంది కలిగినదా అని. గనిలో పర్మినెంటు ఉద్యోగికి కంపెనీ ఆసుపత్రి గలదు. కాంట్రాక్టు కార్మికులలో అనేకులకు, బీడీలు చుట్టు స్త్రీలకు 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీయే ప్రధానమైన దిక్కు. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి కుటుంబమునకు సంవత్సరమునకు పది లక్షల రూపాయలకు పెరిగినది. ఇది మేలైన పని. ఐనను శస్త్రచికిత్సకు, కిరణములకు, మందులకు లెక్క కుదిరినంత సులభముగ తోడు వచ్చినవాని కూలికి, గది అద్దెకు, మానిన చదువునకు లెక్క కుదరదు. సింగరేణిలో మరియొక విశేషమున్నది. అనారోగ్యముచే ఉద్యోగి పనికి తగడని వైద్యమండలి నిర్ణయించినచో, నిబంధనలకు లోబడి అతని వారసునికి ఉద్యోగమిచ్చు పద్ధతి కలదు. అట్టిచోట "పని చేయగలుగుచున్నారా?" అను ప్రశ్న శరీరమును గూర్చిన ప్రశ్నగ మాత్రమే మిగులదు, ఇంటి భవిష్యత్తును గూర్చిన ప్రశ్న యగును. రోగి అబద్ధము చెప్పునని కాదు. అడుగువాడెవడు, సమాధానము ఎవరికి చేరును అను భయము లేకుండ అడుగుట పరిశోధకుని బాధ్యత.

ధనము పోవు దారి

ఈ దోషములు దిద్దరానివి కావు. దిద్దుటకు పరిశోధన కావలెను. పరిశోధనకు ధనము కావలెను. 2016 నుండి 2020 వరకు ప్రపంచమున ప్రభుత్వములు, ధర్మసంస్థలు కాన్సరు పరిశోధనకిచ్చిన 66,388 గ్రాంటులను లెక్కించిన నివేదిక ఒకటి 2023లో వెలువడినది. మొత్తము సుమారు 2,450 కోట్ల డాలర్లు. ఇందులో 73.5 శాతము రోగిని చేరకముందు ప్రయోగశాలలో జరుగు పరిశోధనకే పోయినది. రోగులపై జరుగు చికిత్సా పరీక్షలకు లభించినది 7.4 శాతము. శస్త్రచికిత్సను గూర్చిన పరిశోధనకు 1.4 శాతము; కిరణ చికిత్సను గూర్చిన దానికి 2.8 శాతము. కాన్సరు నుండి బయటపడువారిలో ఎక్కువమంది ఈ రెండు చికిత్సల వలననే బయటపడుచున్నారు. ఆ తరువాత జీవితాంతము వాటి గుర్తులను మోయుచున్నారు. మూలపరిశోధన అనవసరమని ఎవ్వరును అనరు. సుబ్బారావు చేసినది అదియే. కాని విత్తనమునకు ఖర్చు చేసి కోతకు ఖర్చు చేయకపోవుట మంచి సేద్యము కాదు.

మందుల కంపెనీలు ఈ లోటు తీర్చునని ఆశింపరాదు. పేటెంటు తీరిన చవక మందును తక్కువ మోతాదులో ఎట్లు వాడవలెనో పరీక్షించుటవలన ఏ కంపెనీకిని లాభము లేదు. ఆ పని ప్రజాధనముతోనే జరుగవలెను. జరిగినప్పుడు ఎట్టి ఫలితము వచ్చునో మన దేశమే చూపినది. మానసిక వ్యాధులకు వాడు ఒలాంజపైన్ అను చవక మందును పుదుచ్చేరి జిప్‌మర్ వైద్యులు ఆకలి చచ్చిన కాన్సరు రోగులకు రోజునకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూచిరి. 2023లో ప్రకటించిన ఫలితములలో, బరువు 5 శాతమునకు మించి పెరిగినవారు మందు తిన్నవారిలో 60 శాతము. ఉత్తమాత్ర తిన్నవారిలో 9 శాతము.

ముంబాయి టాటా స్మారక ఆసుపత్రివారి ప్రయోగము బసంత్‌నగర్‌కు ఇంకను దగ్గరిది. నయము చేయజాలని స్థితికి వచ్చిన తల, మెడ కాన్సరు రోగులు 422 మందిని రెండు జట్లుగ చేసిరి. ఒక జట్టునకు మూడు వారములకొకసారి సిస్‌ప్లాటిన్ నరములోనికి ఎక్కించిరి. రెండవ జట్టునకు మెథోట్రెక్సేటు, సెలెకాక్సిబ్ అను చవక మాత్రలను నోటిద్వారా ఇచ్చిరి. 2020లో ఫలితములు వెలువడినవి. మాత్రల జట్టులో మధ్యస్థ ఆయువు 7.5 నెలలు, సిస్‌ప్లాటిన్ జట్టులో 6.1 నెలలు. తీవ్రమైన దుష్ఫలితములు మాత్రల జట్టులో 19 శాతమునకు, రెండవ జట్టులో 30 శాతమునకు కలిగినవి. సుబ్బారావు బృందము నాటి ఔషధము ఇంటిలో కూర్చుండి మ్రింగు మాత్రయై, ఇంజక్షనుకంటె తక్కువ బాధతో అంతకు తగ్గని ఆయువునిచ్చినది. మిగిలిన ఆరేడు నెలలలో రాజీవ్ రహదారిపై ఎన్ని దినములు గడచును, మనుమలతో ఎన్ని దినములు గడచును అను లెక్కకు ఇంతకంటె స్పష్టమైన సమాధానము కష్టము.

ప్రయాణములను తగ్గించు పరిశోధనయు ఇట్టిదే. రొమ్ము కాన్సరు శస్త్రచికిత్స పిమ్మట మూడు వారములలో ఇచ్చు 15 విడతల కిరణములకు బదులు ఒకే వారములో 5 విడతలు చాలునా అని బ్రిటనులో 4,096 మందిపై పరీక్షించిరి. చాలునని 2020లో తేలినది. యంత్రము మారలేదు; ప్రశ్న మారినది. దూరపు ఊరినుండి వచ్చి గది అద్దెకు తీసికొను స్త్రీకి రెండు వారముల బ్రతుకు తిరిగి వచ్చినది.

ఒక ఆక్షేపణ

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. 2022లో మన దేశమున సుమారు 14 లక్షల మందికి క్రొత్తగ కాన్సరు సోకినదనియు, 9 లక్షలకు పైగా మరణించిరనియు అంతర్జాతీయ అంచనా. వ్యాధి ముదిరిన పిమ్మటనే అనేకులు ఆసుపత్రికి వచ్చుచున్నారు. ఇట్టి దేశములో ముందు ప్రాణము నిలుపవలెను గాని, నిద్రను, ఆకలిని లెక్కించుట విలాసము కాదా? ఈ ప్రశ్న న్యాయమైనదే. పరీక్షలకు, యంత్రములకు కేటాయించిన ధనమును తెచ్చి ఇక్కడ పెట్టుమనుట తగదు.

కాని బాధయు, ఆయువును రెండు వేర్వేరు ఖాతాలని భావించుట పొరపాటు. అమెరికాలో ఊపిరితిత్తుల కాన్సరు ముదిరిన 151 మందిలో కొందరికి మొదటినుండియే ఉపశమన చికిత్సను జోడించిరి. 2010 నాటి ఆ ఫలితములలో వారి జీవన నాణ్యత మెరుగుపడుటయే గాక, మధ్యస్థ ఆయువు 8.9 నెలలకు బదులు 11.6 నెలలైనది. 766 మందిలో కొందరు తమ బాధలను కంప్యూటరు ద్వారా ఎప్పటికప్పుడు తెలిపిన మరియొక ప్రయోగములో, 2017 ఫలితముల ప్రకారము, మధ్యస్థ ఆయువు 26 నెలలకు బదులు 31.2 నెలలు. తరువాతి ప్రయోగములన్నింటిలో ఆయువు ఇట్లు పెరుగలేదను మాటయు చెప్పవలెను. బాధ తగ్గుట మాత్రము వాటిలో పెక్కింటిలో కనబడినది. బాధ భరించలేక చికిత్సను నడుమ విడిచిన రోగికి యంత్రము ఎంత మంచిదైనను ప్రయోజనము లేదు.

మరియు కొలువనిచో బాధ ఉన్నట్లే తెలియదు. చట్టబద్ధముగ నల్లమందు పండించు దేశము మనది. ఐనను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని చిక్కులవలన ఆసుపత్రులు మార్ఫీన్ నిలువయుంచుటకు జంకెను. 2014లో చట్టమును సవరించి దారి సుగమము చేసిరి. తెలంగాణ ప్రభుత్వము జిల్లాలలో ఉపశమన చికిత్సా కేంద్రములను నెలకొల్పినది. నొప్పి అంకెలు గ్రామమువారీగ, నెలవారీగ ఉన్నచో ఏ కేంద్రమునకు మార్ఫీన్ చాలుట లేదో కాగితమే చెప్పును.

చేయదగినది

ధనమునకు దారులు లేకపోలేదు. 2013 కంపెనీల చట్టము 135వ విభాగము ప్రకారము నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలు గడచిన మూడు సంవత్సరముల సగటు లాభములో 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. 2019 సవరణ తరువాత ప్రభుత్వ ధనముతో నడచు విశ్వవిద్యాలయములలోను, భారత వైద్య పరిశోధనా మండలి వంటి సంస్థలలోను జరుగు పరిశోధనకు కూడ ఈ సొమ్ము ఇవ్వవచ్చును. 2015 సవరణచే ఏర్పడిన జిల్లా ఖనిజ నిధికి పాత లీజులపై రాయల్టీలో 30 శాతము, వేలములో పొందిన లీజులపై 10 శాతము చేరును. ఆరోగ్యము ఆ నిధి ప్రధాన లక్ష్యములలో ఒకటి. బొగ్గు, విద్యుత్తు, సిమెంటు మూడును ఒకేచోట నున్న ఈ ప్రాంతములో ఈ దారులన్నియు కలియుచున్నవి. సామాజిక నిధి పరిశోధనకును, ఖనిజ నిధి సేవకును ఉపయోగపడగలవు. రామగుండములో నేడు ప్రభుత్వ వైద్య కళాశాలయు కలదు.

కావలసిన పరిశోధనకు మహాయంత్రములు అక్కరలేదు. మొదట ఈ ప్రాంతపు రోగులతో కూర్చుండి ప్రశ్నలను వారి మాటలలో సరిచూడవలెను. ప్రశ్న చదివి, "ఇందులో ఏమి అడిగినారు?" అని తిరిగి వారినే అడుగుట ఇందుకు పద్ధతి. రెండవది, చెడువారమున గూడ ఫోనుద్వారా గాని, ఆశా కార్యకర్త ద్వారా గాని అడిగి, రానివారిని లెక్కలో చేర్చవలెను. మూడవది, పోయిన కూలిదినములను, ప్రయాణములను, కారము తినలేని నెలలను ప్రత్యేకముగ లెక్కించు చిన్న అనుబంధ పట్టిక తయారుచేయవలెను. ముప్పది ప్రశ్నలను మార్చరాదు. మార్చినచో ఇతర దేశముల ఫలితములతో పోల్చుట సాధ్యపడదు. వాటికి ప్రక్కన మనవి చేర్చవలెను. నాలుగవది, ఆ సమాధానములు యజమానికి చేరవని రోగికి వ్రాతమూలకముగ హామీ ఇవ్వవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో కొలతల పాఠముతో జతచేసి చెప్పవచ్చును. మీటరుబద్ద అన్ని దేశములలోను ఒకటే. ఇనుమును కొలిచినను, కొయ్యను కొలిచినను అది మారదు. మనిషి బాధను కొలుచు బద్ద అట్టిది కాదు. అడుగు భాష, అడుగు చోటు, అడుగు దినము మారినచో కొలతయు మారును. ఈ భేదమును తెలిసికొని దిద్దుటయే ఇక్కడ శాస్త్రజ్ఞుని పని. ముప్పది ప్రశ్నల పట్టిక రోగిని అడుగవలెనని ప్రపంచమునకు నేర్పినది. అది దాని శాశ్వతమైన ఘనత. రోగికి తెలిసిన మాటలో అడుగుట, అతడున్న చోటికి పోయి అడుగుట, విన్నదానిని చికిత్సలోనికి తెచ్చుట ఇంకను మిగిలియున్న పని. దానికి ఖర్చు కొద్ది, ప్రయోజనము గొప్పది.